జిమ్నీకి 235/75 ఆర్15 టైర్లు పట్టించడం: వీల్ ఆర్చ్‌లో ఎక్కడ, ఎంత, ఏ వరసలో కోయాలి

జిమ్నీకి పెద్ద టైర్లు వేయించాం, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే గర్రుమని రాసుకుంటోంది, వీల్ ఆర్చ్‌లో (చక్రం పైన బాడీకి ఉండే వంపులో) ఎక్కడ కోయించాలి అని అడుగుతూనే ఉన్నారు. అడిగేలోపే కొందరు షెడ్‌కి వెళ్లి గ్రైండర్ పెట్టించేస్తున్నారు, తర్వాత చూస్తే కోసిన చోటు ఒకటి, టైర్ తగిలే చోటు ఇంకొకటి. అందుకే ఈ పనిని ఏ వరసలో చెయ్యాలో మొత్తం రాస్తున్నా. మొదటే చెప్పేస్తా, కోయడం ఈ పనిలో ఆఖరి మెట్టు. కొలవడం మొదటిది, ఎక్కువ టైం పట్టేది కూడా అదే.

ఇక్కడ అంకెలన్నీ మారుతీ జిమ్నీవి. జిప్సీ, థార్ ఉన్నవాళ్లకి పద్ధతి ఇదే, లెక్కలు మాత్రం మీ బండివి వేసుకోండి.

1. ముందు సైజు లెక్క కాగితం మీద పెట్టండి

కంపెనీ టైర్ 195/80 ఆర్15. అంటే వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 15 అంగుళాలు. మొత్తం ఎత్తు ఇలా వస్తుంది:

- 195/80 ఆర్15: సుమారు 693 మి.మీ.
- 215/75 ఆర్15: సుమారు 703 మి.మీ.
- 235/75 ఆర్15: సుమారు 733 మి.మీ.

215/75 అయితే తేడా సెంటీమీటరే, మామూలుగా ఏమీ కోయకుండా కూర్చుంటుంది. నిజం చెప్పాలంటే వికారాబాద్ అనంతగిరి వైపో, అరకు ఘాట్ వైపో వారాంతంలో వెళ్లొచ్చేవాళ్లకి అది చాలు. దానికి ఈ తలనొప్పి ఏదీ అక్కర్లేదు.

235/75 దగ్గరే కథ మారుతుంది. ఎత్తు 40 మి.మీ. పెరిగింది కాబట్టి యాక్సిల్ మధ్య నుంచి చూస్తే అన్ని వైపులా 20 మి.మీ. పెద్దదైంది, వెడల్పు కూడా ఇంకో 40 పెరిగింది, అందులో సగం లోపలికి, సగం బయటికి. ఈ 20ని గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ మళ్లీ వస్తుంది.

రిమ్ము సంగతి చాలామంది వదిలేస్తారు. జిమ్నీ కంపెనీ రిమ్ము 5.5 అంగుళాల వెడల్పు. 235/75 టైర్‌కి కనీసం 6 అంగుళాల రిమ్ము కావాలి. ఇరుకు రిమ్ములో ఎక్కించేస్తే ఎక్కుతుంది గానీ టైర్ మధ్యలో ఉబ్బి, అంచులు నేలకి సరిగ్గా ఆనక, మధ్య గీత ముందు అరిగిపోతుంది. రిమ్ములు మార్చేటప్పుడు చూసుకోవాల్సినవి:

- పీసీడీ (బోల్టుల సంఖ్య, అవి ఉన్న వలయం వ్యాసం) 5×139.7, మధ్య రంధ్రం 108 మి.మీ.
- నట్ మర M12 సైజు, 1.25 పిచ్
- ఆఫ్‌సెట్ (రిమ్ము వెడల్పు మధ్య నుంచి, అది హబ్‌కి ఆనే చోటుకి ఉన్న దూరం, మి.మీ.లో): కంపెనీది ప్లస్ 5. దీనికి దగ్గరగా, సున్నా దాకా ఉంటే మంచిది
- టైర్ లోడ్ ఇండెక్స్ (ఎంత బరువు మొయ్యగలదో చెప్పే అంకె) కంపెనీ టైర్ కన్నా తక్కువ ఉండకూడదు

ఆఫ్‌సెట్ గురించి ఒక మాట. టైర్ బయటికి వస్తే లోపల తగలదు కదా అని మైనస్ 20, మైనస్ 25 రిమ్ములు కొంటారు. లోపల తగలదు, నిజమే. కానీ స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ ఇరుసు చుట్టూ మళ్లుతుందో దానికి టైర్ దూరం జరిగింది కాబట్టి తిప్పినప్పుడు అది ముందుకీ వెనక్కీ ఇంకా పెద్ద చుట్టు తిరుగుతుంది, సరిగ్గా బంపర్ మూలకి, వెనక మడ్ ఫ్లాప్‌కి వెళ్లి కొట్టుకుంటుంది. పైగా బేరింగ్ మీద భారం, స్టీరింగ్‌లో లాగుడు. అరంగుళం బయటికి తోసినందుకు రెండంగుళాలు కోయాల్సి వచ్చిన బండ్లు చూశాను.

ఇంకోటి, పక్కన రాసిన సైజు ఒకటే అయినా అన్ని కంపెనీల టైర్లూ ఒకే కొలతలో ఉండవు. మడ్ టెర్రైన్ టైర్‌కి భుజాల మీద దిమ్మలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, ఆల్ టెర్రైన్‌కి అంత ఉండవు. షాపులో టేపు పెట్టి నిజం ఎత్తు, నిజం వెడల్పు కొలిచి రాసుకోండి.

2. చట్టం, ఇన్సూరెన్స్

2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ఆర్‌సీలో ఉన్న కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టంలో 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. రేకు కోయడం, లిఫ్ట్ వేయడం (పొడవు స్ప్రింగులతో బండి ఎత్తు పెంచడం), ఫెండర్ బయటికి పొడుచుకొచ్చే టైర్లు, ఇవన్నీ కళ్లకి కనిపించే మార్పులు. మీ ఆర్‌టీఏ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. యాక్సిడెంట్ అయ్యాక సర్వేయర్ వచ్చి కోసిన ఆర్చ్ ఫోటో తీస్తే అప్పుడు వాదించి లాభం ఉండదు. వారంటీలో ఉన్న బండి అయితే సస్పెన్షన్, స్టీరింగ్ క్లెయిములకి ఇబ్బంది అవుతుందని లెక్క వేసుకునే మొదలుపెట్టండి.

3. సామాన్లు అన్నీ చేతికి వచ్చాకే బండి ఎత్తండి

- జాకీలు రెండు, గట్టి జాక్ స్టాండ్లు నాలుగు, చక్రాల కింద పెట్టే చెక్క దిమ్మలు
- క్లిప్పులు తీసే ప్లాస్టిక్ పుల్లర్, కొత్త క్లిప్పులు ఒక డజను (పాతవి కచ్చితంగా కొన్ని విరుగుతాయి)
- సుద్దముక్క, మాస్కింగ్ టేపు, మార్కర్, పిల్లలు ఆడుకునే మైనం
- హీట్ గన్, పదునైన కట్టర్ బ్లేడు, ప్లాస్టిక్‌కి చిన్న రంపం
- రేకు పని ఉంటే: 1 మి.మీ. కటింగ్ వీల్‌తో గ్రైండర్, ఫ్లాప్ డిస్క్, మిగ్ వెల్డింగ్ తెలిసిన మనిషి
- ఎపాక్సీ ప్రైమర్, వెల్డింగ్ కింద వేసే జింక్ ప్రైమర్, సీమ్ సీలర్, అండర్‌బాడీ కోటింగ్, లోపలి ఖాళీల్లో కొట్టే వ్యాక్స్
- కళ్లద్దాలు, గ్లవ్స్, మాస్కు, తడి గోనెసంచి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్

ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కింద తల పెట్టొద్దు. జాకీ ఎత్తడానికి, స్టాండ్ మొయ్యడానికి.

4. టైర్ ఎక్కడ తగులుతుందో కనిపెట్టడం

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా. బండి నేల మీద నిలబెట్టి, స్టీరింగ్ రెండు వైపులా తిప్పి చూసి, తగల్లేదు కాబట్టి సరిపోయింది అనుకుంటారు. టైర్ తగిలేది బండి నిలబడి ఉన్నప్పుడు కాదు. చక్రం పూర్తిగా పైకి వెళ్లినప్పుడు, స్టీరింగ్ కూడా తిరిగి ఉన్నప్పుడు, ఆ రెండూ కలిసిన చోట.

జిమ్నీకి ముందూ వెనకా రెండూ రిజిడ్ యాక్సిల్స్. దాని వల్ల రెండు రకాల కదలికలు విడివిడిగా చూడాలి.

ఒకటి, రెండు చక్రాలూ కలిసి పైకి వెళ్లడం. లోడ్‌తో ఉన్న బండి స్పీడ్ బ్రేకర్ మీద గట్టిగా పడినప్పుడు ఇలా అవుతుంది. టైర్ నిట్టనిలువుగా పైకి వెళ్లి ఆర్చ్ అంచుకి తగులుతుంది.

రెండోది, ఒక చక్రం పైకి, ఇంకోటి కిందకి. యాక్సిల్ వాలుతుంది కాబట్టి పైకి వెళ్లిన టైర్ తల లోపలికి వంగుతుంది. బయటి అంచుకి తగలదు, లోపలి గోడకి తగులుతుంది. గుంతల్లో, రాళ్ల మీద ఎక్కువగా జరిగేది ఇది.

సరైన పద్ధతి ఇలా:

1. ఛాసిస్‌ని స్టాండ్ల మీద పెట్టండి. ఒకసారికి ఒక యాక్సిలే చెయ్యండి, రెండో యాక్సిల్ చక్రాలకి దిమ్మలు పెట్టండి.
2. షాక్ అబ్జార్బర్లు కింద బోల్టు విప్పి, యాక్సిల్‌ని మెల్లగా దించి కాయిల్ స్ప్రింగులు తీసేయండి. బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు సాగుతున్నాయా అని ప్రతి అంగుళానికీ చూడండి, యాక్సిల్ బరువు వాటి మీద వేలాడకూడదు.
3. కొత్త టైర్ బిగించి, యాక్సిల్‌ని జాకీతో ఎత్తుతూ బంప్ స్టాప్‌కి (యాక్సిల్ ఇంకా పైకి వెళ్లకుండా ఆపే రబ్బరు దిమ్మకి) ఆనేదాకా తీసుకెళ్లండి. ముందు రెండు వైపులా సమానంగా, తర్వాత ఒక వైపే.
4. ప్రతి ఎత్తు దగ్గరా స్టీరింగ్ ఒక చివర నుంచి ఇంకో చివరకి తిప్పండి, టైర్‌ని చేత్తో తిప్పండి.
5. టైర్ భుజాలకి సుద్ద రాసి ఉంచితే తగిలిన చోట తెల్లగా అంటుకుంటుంది. తగలకుండా దగ్గరగా వెళ్లే చోట మైనం ముద్ద అతికిస్తే అది ఎంత నలిగిందో చూసి ఖాళీ ఎంతో తెలుస్తుంది.
6. తగిలిన ప్రతి చోటా మాస్కింగ్ టేపు వేసి, మార్కర్‌తో గీసి, ఏ ఎత్తులో, ఏ లాక్‌లో (స్టీరింగ్ ఏ చివరకి తిప్పినప్పుడు) తగిలిందో టేపు మీదే రాయండి. ఫోటో తీయండి.

స్ప్రింగులు తీసే వీలు లేకపోతే, ఒక ముందు చక్రాన్ని, దానికి ఎదురు మూల వెనక చక్రాన్ని ర్యాంపుల మీద ఎక్కించి చూడొచ్చు. పూర్తి లెక్క రాదు, కానీ ఏమీ చూడకుండా కోయడం కన్నా చాలా నయం.

జిమ్నీలో 235/75తో సాధారణంగా వెతకాల్సిన చోట్లు:

- ముందు బంపర్ కింది మూల, దాని వెనక లైనర్ (ఆర్చ్ లోపల ఉండే ప్లాస్టిక్ తొడుగు)
- ముందు టైర్ వెనక మడ్ ఫ్లాప్, ఫెండర్ లైనర్ కింది భాగం
- పూర్తి లాక్‌లో టైర్ లోపలి వైపు, యాక్సిల్ నుంచి వెనక్కి వెళ్లే ఆర్మ్
- వెనక ఆర్చ్ లోపలి అంచు, వెనక బంపర్ ముందు మూల

చివరికి ఎంత ఖాళీ మిగలాలి? నేనైతే కదిలే చోట కనీసం 20 మి.మీ. వదులుతాను. బంప్ స్టాప్ రబ్బరు గట్టి దెబ్బకి ఇంకా నలుగుతుంది, బుష్‌లు (సస్పెన్షన్ జాయింట్లలో రబ్బర్లు) సాగుతాయి. నల్లరేగడి నేలల్లో తిరిగేవాళ్లు ఇంకొంచెం ఎక్కువే వదలండి. తొలకరి తర్వాత ఆ మట్టి లైనర్‌కి అట్టలు కట్టి గట్టిపడితే మీరు కష్టపడి సంపాదించిన ఖాళీ అంతా ఒక్క చేను దాటేసరికి మూసుకుపోతుంది.

5. కోయకుండా అయ్యే పనులు ముందు

ఈ వరస మార్చొద్దు. ఒక్కోటి చేశాక మళ్లీ కొలవండి, సరిపోతే అక్కడితో ఆపేయండి.

1. మడ్ ఫ్లాపులు తీసేయండి, లేదా వెనక్కి జరిపి కత్తిరించండి. ముందు టైర్ వెనక వైపు గొడవ చాలావరకు ఇక్కడే తీరిపోతుంది.
2. లైనర్‌ని హీట్ గన్‌తో వేడిచేసి వెనక్కి నొక్కండి. లైనర్ వెనక వాషర్ ట్యాంకు, హారన్, వైరింగ్ లాంటివి ఏమున్నాయో ముందే విప్పి చూసుకోండి. మెత్తబడ్డాక చెక్క ముక్కతో నొక్కి, తడిగుడ్డ వేసి చల్లారేదాకా పట్టుకోవాలి, లేకపోతే మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది.
3. లోపలి ఆర్మ్‌కి తగులుతుంటే స్టీరింగ్ స్టాపర్ బోల్టు కొద్దిగా బయటికి తిప్పించండి, రెండు వైపులా సమానంగా. బండి తిరిగే చుట్టు పెరుగుతుంది. జిమ్నీ టర్నింగ్ రేడియస్ కంపెనీ లెక్క 5.7 మీటర్లు, ఇరుకు సందుల్లో పార్క్ చేసేవాళ్లకి ఆ తేడా తెలుస్తుంది, అందుకే అవసరమైనంతే.
4. బంప్ స్టాప్ కింద స్పేసర్.

ఈ నాలుగోది కాస్త ఆగి అర్థం చేసుకోవాలి. రెండంగుళాల లిఫ్ట్ వేస్తే టైర్ తగలదు అని షెడ్లలో గట్టిగా చెప్తారు. బండి నిలబడి ఉన్నంతసేపూ అది నిజం. కానీ స్ప్రింగు ఎంత పొడవున్నా, గట్టి దెబ్బ తగిలితే యాక్సిల్ బంప్ స్టాప్‌కి ఆనేదాకా పైకి వెళ్తుంది, ఆ చోటు లిఫ్ట్‌కి ముందు ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. టైర్ పైకి వెళ్లే హద్దు నిర్ణయించేది బంప్ స్టాప్. టైర్ వ్యాసార్ధం 20 మి.మీ. పెరిగింది కాబట్టి బంప్ స్టాప్‌ని కూడా దాదాపు అంతే కిందకి దించితే పైన ఖాళీ పాత లెక్కకి వచ్చేస్తుంది. లిఫ్ట్ లేకుండా ఇది చేస్తే పైకి వెళ్లే ప్రయాణం 20 మి.మీ. తగ్గి బండి గుంతల్లో గట్టిగా కొడుతుంది, లిఫ్ట్‌తో కలిపి చేస్తే ఆ నష్టం పూడుతుంది. అంటే రెండూ కలిపి చేయాల్సిన పనులు.

లిఫ్ట్ వేస్తే దానితో పాటు వచ్చేవి కూడా లెక్కలో పెట్టుకోండి:

- ముందు క్యాస్టర్ కోణం (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది, హైవే మీద బండి అటూ ఇటూ వెతుక్కుంటుంది. క్యాస్టర్ కరెక్షన్ బుష్‌లు కావాలి.
- యాక్సిల్‌ని అడ్డంగా పట్టి ఉంచే ల్యాటరల్ రాడ్ కోణం మారి యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది. ఒక వైపు టైర్ రాసుకుని ఇంకో వైపు రాసుకోకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే. అడ్జస్టబుల్ రాడ్ వేసి మధ్యకి తెచ్చాకే కొలతలు తీయండి.
- బ్రేక్ హోస్‌లు చక్రం పూర్తిగా కిందకి వేలాడినప్పుడు బిగుసుకోకూడదు.

6. ప్లాస్టిక్ కటింగ్

మామూలు ఆఫ్‌సెట్ రిమ్ములతో 235/75కి చాలా బండ్లలో ఈ మెట్టుతో పని అయిపోతుంది.

బంపర్ విప్పి బయట పెట్టి కోయండి, బండి మీద ఉండగా కాదు. ఫాగ్ ల్యాంప్ వైర్లు ముందు తీసేయాలి. మీరు గీసిన గీతకి 5 మి.మీ. ఇవతలే మొదటి కోత వేయండి. బిగించండి, మళ్లీ బంప్ స్టాప్ దాకా ఎత్తి, లాక్ తిప్పి చూడండి, కావాలంటే ఇంకొంచెం తియ్యండి. కోసింది అతకదు.

ఒక వైపు కోశాక ఆ ముక్కనే అట్ట మీద పెట్టి అచ్చు తీసుకుని రెండో వైపు తిప్పి వాడండి, రెండు మూలలూ ఒకేలా వస్తాయి. కోసిన అంచుని ఇసుక కాగితంతో గుండ్రంగా రుద్ది, యూ ఆకారం రబ్బరు బీడింగ్ తొడగండి. మొరటు అంచు వదిలేస్తే ఎప్పుడైనా తగిలినప్పుడు టైర్ పక్క గోడని గీరేస్తుంది.

లైనర్‌ని మొత్తం పీకి పారేయొద్దు. ఖాళీ బాగా వస్తుంది గానీ టైర్ విసిరే రాళ్లు, బురద నేరుగా వైరింగ్ మీద, రేకు మీద పడతాయి.

7. రేకు మడవడం, కోయడం

ఇంకా పెద్ద టైర్‌కో, బయటికి తోసిన రిమ్ములకో మాత్రమే ఇక్కడిదాకా రండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. పెట్రోల్ మూత ఉన్న వైపు నిప్పురవ్వల పని ఉంటే ఆ పైపు ఎలా వెళ్తోందో చూసి, తడి గోనె కప్పి, పక్కన ఒక మనిషిని ఎక్స్‌టింగ్విషర్‌తో నిలబెట్టండి.

7.1 అంచు మడవడం. నల్ల ప్లాస్టిక్ ఆర్చ్ క్లాడింగ్ తీస్తే కింద రేకు అంచు లోపలికి మడిచి కనిపిస్తుంది. చాలాసార్లు టైర్‌ని కోసేది ఈ అంచే. పెయింట్‌ని హీట్ గన్‌తో చెయ్యి పెట్టలేనంత వేడిచేసి, పొంగనివ్వకుండా, హబ్‌కి బిగించే ఫెండర్ రోలర్‌తో కొద్దికొద్దిగా, చాలా విడతల్లో పైకి మడవండి. ఒకేసారి బలంగా నొక్కితే బయట రేకు అలలుగా లేస్తుంది, పెయింట్ పగులుతుంది.

7.2 ముందు ఫెండర్. ఇది బోల్టులతో బిగించిన రేకు కాబట్టి భయం తక్కువ. పాడైనా ఫెండర్ మార్చుకోవచ్చు.

7.3 వెనక ఆర్చ్. ఇక్కడ జాగ్రత్త. బయటి రేకు, లోపలి వీల్ హౌస్ రేకు రెండూ అంచు దగ్గర స్పాట్ వెల్డింగ్‌తో కలిసి ఉంటాయి. ఆ వెల్డింగ్ పైకి కోస్తే రెండు రేకుల మధ్య తలుపు తెరిచినట్టే, దుమ్ము, నీళ్లు లోపలికి వెళ్లి బాడీ లోపలి నుంచి తుప్పు పడుతుంది, ఆ భాగం బలం కూడా పోతుంది. వరస ఇలా:

1. బయటి రేకుని మాత్రమే గీత మీద కోయండి. రెండూ కలిపి ఒకే కోతలో కాదు.
2. లోపలి రేకుని కొంచెం పొడవుగా వదిలి, అంగుళానికొక చీలిక పెట్టి, నాలుకల్లా తయారైన ముక్కల్ని బయటి రేకు మీదకి సుత్తితో మడవండి.
3. కలిసే చోట పెయింట్ గీకి, జింక్ ప్రైమర్ కొట్టండి.
4. మిగ్‌తో సెంటీమీటర్, సెంటీమీటరున్నర చిన్న కుట్లు, ఒకటి ఇక్కడ, తర్వాతది దూరంగా. వరసగా లాగేస్తే వేడికి పెద్ద రేకు వంకరపోతుంది.
5. చీలికలన్నీ పూర్తిగా మూయాలి. పుట్టీతోనో, ఎం-సీల్‌తోనో నింపి పైన పెయింట్ కొట్టేవాడు ఉంటే ఆ షెడ్ నుంచి వచ్చేయండి. మొదటి ఏడాది బాగానే కనిపిస్తుంది, ఆ తర్వాత పొక్కులు లేస్తాయి.

ఛాసిస్ ఫ్రేమ్‌ని, బాడీ మౌంట్‌లని, సీట్ బెల్ట్ బిగించిన చోట్లని ఎట్టి పరిస్థితుల్లోనూ కోయొద్దు. అక్కడ తగులుతోందంటే ఆ టైర్ ఆ బండికి కాదు.

8. తుప్పు పని, ఆ రోజే

గ్రైండర్ పెట్టిన రేకు విశాఖ, కాకినాడ గాలిలో ఒక రాత్రికే ఎర్రబడుతుంది. రేపు చూద్దాం అనొద్దు. వరస: గ్రీజు, దుమ్ము తుడవడం, ఎపాక్సీ ప్రైమర్, ఆరాక అతుకుల మీద సీమ్ సీలర్, పెయింట్, దాని మీద అండర్‌బాడీ కోటింగ్, చివరగా రేకుల మధ్య ఖాళీలోకి గొట్టంతో వ్యాక్స్. ప్రైమర్ లేకుండా నల్ల కోటింగ్ ఒక్కటే దట్టంగా కొడితే దాని కింద తుప్పు దాక్కుని పెరుగుతుంది. కింద నీళ్లు కారే రంధ్రాలు ఉంటాయి, వాటిని కోటింగ్‌తో మూసేయకండి.

9. బిగించాక టెస్ట్

- నట్లు ఓనర్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి టార్క్ రెంచ్‌తో, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి
- వీల్ అలైన్‌మెంట్, స్టీరింగ్ మధ్యకి ఉందా, లిఫ్ట్ వేస్తే హెడ్‌లైట్ల ఎత్తు
- నలుగురిని కూర్చోబెట్టి, వెనక లగేజీ పెట్టి స్పీడ్ బ్రేకర్లు
- పూర్తి లాక్‌లో రివర్స్ (ముందుకి తగలనిది రివర్స్‌లో తగలొచ్చు)
- ఖాళీ స్థలంలో ఒక చక్రం గట్టు మీద, లాక్ రెండు వైపులా
- ఖాళీ రోడ్డు మీద రెండు మూడుసార్లు గట్టి బ్రేక్. బరువైన టైర్లతో బండి ఆగే దూరం పెరుగుతుంది, అది ట్రాఫిక్‌లోకి వెళ్లకముందే మీ కాలికి తెలియాలి
- ఇంటికొచ్చాక లైట్ వేసి నాలుగు ఆర్చ్‌లలో కొత్త గీతలు

స్పీడోమీటర్ ఇప్పుడు తక్కువ చూపిస్తుంది. టైర్ చుట్టుకొలత 5.8 శాతం పెరిగింది కాబట్టి పాత టైర్లతో నిజంగా 80లో వెళ్లే చోట ఇప్పుడు 84.7లో వెళ్తున్నారు. జీపీఎస్ పెట్టి ఒకసారి సరిచూసుకోండి.

స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. తలుపు తీస్తే బంపర్‌కి తగులుతుందేమో, కీలు బరువుకి కిందకి జారిందేమో చూడండి. పాత 195 స్టెప్నీ ఉంచుకుంటే పంక్చర్ అయినప్పుడు ఫోర్ వీల్‌లో అస్సలు నడపొద్దు. జిమ్నీలో మధ్య డిఫరెన్షియల్ లేదు, 4హెచ్‌లో (ఫోర్ వీల్ వేసినప్పుడు) ముందు వెనక చక్రాలు ఒకే వేగంతో తిరగాలి. సైజు తేడా ఉంటే ఆ బిగుసుకోవడం అంతా ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది.

10. తరచూ వచ్చే తేడాలు, మందులు

ఒకే వైపు రాసుకుంటోంది. ల్యాటరల్ రాడ్ చూడండి, యాక్సిల్ పక్కకి జరిగి ఉంటుంది. కోయకండి.

60, 70 స్పీడ్‌లో స్టీరింగ్ గజగజ వణుకుతోంది. ముందు బ్యాలెన్సింగ్, తర్వాత కింగ్‌పిన్ బేరింగులు, ల్యాటరల్ రాడ్ బుష్‌లు, వీల్ బేరింగులు. స్టీరింగ్ డ్యాంపర్ మారిస్తే కొన్నాళ్లు దాక్కుంటుంది, రోగం అలాగే ఉంటుంది.

లోడ్ వేస్తేనే వెనక తగులుతోంది. బంప్ స్టాప్ స్పేసర్ వేయలేదు, లేదా రబ్బరు ముదిరి నలిగిపోయింది.

లైనర్ మళ్లీ టైర్ మీదకి వచ్చింది. క్లిప్పు ఊడింది, లేదా వేడి చేశాక చల్లారనివ్వలేదు. కొత్త క్లిప్పు వేసి, వెనక ఇంకో చోట స్క్రూతో బిగించండి, స్క్రూ మొన టైర్ వైపు రాకుండా.

వెనక సీటు దగ్గర దుమ్ము వస్తోంది. వెనక ఆర్చ్ అతుకు ఎక్కడో తెరుచుకుంది. చీకట్లో లోపల ట్రిమ్ తీసి, బయట ఆర్చ్ కింద టార్చ్ పెట్టండి, వెలుతురు కనిపించిన చోటే చీలిక. గీకి, వెల్డ్ చేసి, మళ్లీ ఎనిమిదో మెట్టు మొదటి నుంచి.